కోటింగ్ ఉన్న బండి మీద క్లే బార్ – సెల్లార్‌లో మూడు వారాంతాలు

శనివారం, పండగ అయిన వారం

ముందు బండి సంగతి చెప్పేస్తా. ముదురు నీలం సెడాన్, రెండేళ్ళు దాటింది. 14 నెలల కింద సెరామిక్ కోటింగ్ వేయించా, అంటే నీళ్ళూ మురికీ అంటకుండా పెయింట్ మీద వేసే సన్నటి పూత, 22 వేలు అయింది. ముందు బంపర్‌కి పీపీఎఫ్ కూడా ఉంది, పెయింట్‌ని కాపాడే ప్లాస్టిక్ పొర. ఉండేది విశాఖలో, ఇంటి దగ్గర సెల్లార్ పార్కింగ్, ఆఫీసు దగ్గర మాత్రం రైలు పట్టాల పక్కన ఆరుబయట.

సంక్రాంతికి అమలాపురం వైపు వెళ్ళి గురువారం రాత్రి వచ్చాం. దారిలో కొత్తగా తారు వేస్తున్న ముక్క తగిలి డోర్ల కింద నల్ల చుక్కలు పడ్డాయి, భోగి మంటకి పది అడుగుల దూరంలో బండి పెట్టిన పుణ్యం మా బావమరిదిది కాబట్టి రూఫ్ నిండా బూడిద. సరేలే ఆదివారం కడుక్కుందాం అని వదిలేశా. ఈలోపు శుక్రవారం నేను బైక్ మీద ఆఫీసుకెళ్తే, అపార్ట్‌మెంట్ వాళ్ళు సెల్లార్ గ్రిల్స్‌కీ మెట్ల రెయిలింగ్‌కీ పెయింటింగ్ పెట్టించారు. బ్రష్‌తో వేసినా బాగుండేది. కంప్రెసర్ పెట్టి గన్‌తో కొట్టేశారు. మీగడ రంగు ఎనామిల్. గాల్లోకి లేచిన తుంపర అంతా వచ్చి నా ముదురు నీలం బండి మీద కూర్చుంది.

ఇవాళ పొద్దున చూస్తే డ్రైవర్ వైపు రెండు డోర్లు, బొనెట్ సగం, ముందు అద్దం, సన్నగా గసగసాలు చల్లినట్టు ఉంది. గోటితో గీకితే రాలేదు. చెయ్యి పెట్టి తోస్తే గరుకు కాగితం. పక్క స్లాట్‌లో తెల్ల బండి ఆయనకి అసలు పడిందని కూడా తెలీదు, ఆయన అదృష్టం.

అసోసియేషన్ వాళ్ళనడిగితే "కడిగితే పోద్ది సార్" అన్నారు. కోటింగ్ వేసిన షాపుకి ఫోన్ చేశా. పెయింట్ మీద అతుక్కున్నదాన్ని లాగేసే ముద్ద ఉంటుంది, క్లే బార్ అంటారు, దాని సంగతి ఎత్తితే అతను ఇంకో రకం. "క్లే కొట్టామంటే కోటింగ్ మొత్తం లేచిపోద్ది సార్, మిషన్ పాలిష్ కొట్టి మళ్ళీ కొత్త కోటింగ్ వెయ్యాలి, మీరు పాత కస్టమర్ కాబట్టి 18 వేలకి చేస్తా." మరి ఐదేళ్ళ వారంటీ అన్నారు కదా అంటే ఓవర్‌స్ప్రే, అంటే ఇలా ఎగిరొచ్చి పడ్డ పెయింటు తుంపర, దాంట్లో రాదంట. అయితే ఓ సంగతి, అతను చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఆ మధ్యలో ఎక్కడుందో చూడ్డానికే ఈ డైరీ.

ఆదివారం

పొద్దున్నే ఆరింటికి కడగడం మొదలెట్టా. మా బోరు నీళ్ళు ఉప్పన, బండి మీద ఆరితే తెల్ల మచ్చలు పడిపోతాయి, అందుకే మున్సిపాలిటీ నీళ్ళు వచ్చే టైమ్‌లో నాలుగు బకెట్లు పట్టి పెట్టుకున్నా. రెండు బకెట్ల పద్ధతి, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకునే మంచినీళ్ళు. బూడిద పోయింది, పండగ మట్టి పోయింది, తారూ పెయింటూ అలాగే ఉన్నాయి, ఊహించిందే.

కడిగాక కవర్ టెస్ట్. ఇది తెలియని వాళ్ళకి చెప్తా, చాలా సింపుల్. బండి తడిగా ఉండగానే కూరగాయలు తెచ్చే పల్చటి ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని వేళ్ళ చివర్లతో పెయింట్ మీద మెల్లగా జరపాలి. ఉత్త చేతికి నున్నగా అనిపించింది కూడా కవర్‌లోంచి చూస్తే బండారం బయటపడుతుంది. బొనెట్ మీద పెయింట్ పడ్డ చోట సర్ర్‌ర్ మని చప్పుడే వినిపించింది. అది సరే. నాకు షాక్ ఏంటంటే పెయింట్ అస్సలు పడని రూఫ్ మీద, డిక్కీ మీద కూడా చిన్న చిన్న గింజలు తగిలాయి. అంటే ఓవర్‌స్ప్రే రాకముందే బండి మీద ఏదో ఉంది. ఇనుము రవ్వలు అన్నమాట. బ్రేక్ వేసినప్పుడల్లా డిస్క్ నుంచి రాలేవి, రైలు చక్రం పట్టాని రాస్తే లేచేవి, వేడిగా ఎగిరొచ్చి పెయింట్‌లో గుచ్చుకుంటాయి, తర్వాత మన సముద్రపు గాలికి తుప్పు పట్టడం మొదలెడతాయి. పట్టాల పక్కన ఏడాది పైన పార్క్ చేస్తే ఇంకేం వస్తుంది.

ఇంకోటి గమనించా. కోటింగ్ కొత్తలో మగ్గుతో నీళ్ళు పోస్తే తామరాకు మీద లాగా బంతులు బంతులుగా ఉరికేవి. ఇప్పుడు రూఫ్ మీద నీళ్ళు బద్ధకంగా పరుచుకుని అక్కడే కూర్చుంటున్నాయి. చూడగానే కోటింగ్ చచ్చిపోయిందనే అనుకున్నా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, వచ్చే వారం మళ్ళీ దీని దగ్గరికొస్తా.

సోమవారం నుంచి శుక్రవారం

పని లేదు, ఆర్డర్లూ చదువుడూ అంతే.

నేను అర్థం చేసుకున్నది ఇది. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), అందులో పైనుండే రంగులేని క్లియర్ కోటు సుమారు 40, 50. మన తల వెంట్రుక 70 మైక్రాన్లు అటూ ఇటూ అనుకుంటే, క్లియర్ కోటు మొత్తం కలిపినా ఒక వెంట్రుక మందం లేదు. దాని మీద సెరామిక్ కోటింగ్ అంటే మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. షాపుల్లో దాని మీద లైటర్ వెలిగించి, మార్కర్‌తో గీసి చూపిస్తారే, ఆ హడావిడి చూసి మనం అదేదో గాజు పలక అనుకుంటాం. కాదు, సన్నటి పొర. గట్టిదే, మైనంలాగా షాంపూకి కరిగిపోదు, కానీ రాపిడికి అరుగుతుంది.

ఇక క్లే. పేరుకి మట్టేగానీ అసలు మట్టి కాదు, రబ్బరు సాగుడు ఉండే సింథటిక్ ముద్ద, లోపల చాలా సన్నటి రాపిడి పొడి కలిపి ఉంటుంది. తడి మీద జారుతూ, ఉపరితలం పైకి పొడుచుకొచ్చిన దాన్ని తెంపి తనలో కుక్కేసుకుంటుంది. గీతలు తీసేది పాలిష్, క్లే ఆ పని చెయ్యదు. ఇది పుట్టింది జపాన్‌లో, బాడీ షాపుల్లో ఒక బండికి పెయింట్ కొడితే పక్క బండి మీద పడే తుంపర తియ్యడానికి వాడేవాళ్ళంట. అంటే అచ్చంగా నా కేసే. ఇక్కడ నాకొక నవ్వొచ్చే సంగతి తట్టింది. బైలడిల్లా కొండల ఇనప ఖనిజం కొత్తవలస లైను మీద మా ఊరొచ్చి ఇక్కణ్ణుంచి ఓడల్లో జపానే వెళ్ళేది, 1976లో అవుటర్ హార్బర్ తెరిచింది కూడా ఆ పెద్ద ఓడల కోసమే. మనం వాళ్ళకి ఇనుము పంపాం, వాళ్ళు మనకి ఇనుము రవ్వలు లాగే ముద్ద పంపారు. బాకీ తీరింది.

సరే విషయానికొస్తే, కోటింగ్ మీద క్లే వాడొచ్చా అంటే, వాడొచ్చు, కానీ ఆఖరి అస్త్రంగా. మైనం లేదా మామూలు సీలెంట్ అయితే క్లే కొట్టగానే పోతుంది, మళ్ళీ వేసుకోవాలి, ఎవరూ ఏడవరు. సెరామిక్ అయితే ఒకసారి ఫైన్ రకం, అంటే మెత్తటి క్లేతో, నూనె రాసినట్టు జారుతూ, బరువు పెట్టకుండా చేస్తే కొంచెం అరుగుతుందే తప్ప మొత్తం లేచిపోదు. అదే మీడియం రకంతో, తడి చాలకుండా రుద్దితే కోటింగూ పోతుంది, కింద క్లియర్ కోటు మీద మబ్బుగా మరకలూ పడతాయి. కాబట్టి ముందు కెమికల్‌తో ఎంత పోతే అంత పోగొట్టి, మిగిలిన దాని మీదే క్లే. ఇదీ నా ప్లాన్.

తెప్పించినవి: ఐరన్ రిమూవర్ అర లీటరు, తారు రిమూవర్ చిన్న డబ్బా, 100 గ్రాముల క్లే బార్ ఒకటి, ఫైన్ అని రాసుంది, రంగు ఎరుపు. మైక్రోఫైబర్ గుడ్డలు ఇంట్లో ఉన్నాయి. మొత్తం 1,700 దాకా అయింది.

రెండో శనివారం

తారుతో మొదలెట్టా. డోర్ల కింద చుక్కల మీద రిమూవర్ గుడ్డతో అద్ది, ఒక నిమిషం ఆగి, తుడిస్తే గోధుమ రంగులో కారిపోయింది. రుద్దలేదు. అరగంటలో అయిపోయిన పని, దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అదే మందు మీగడ చుక్కల మీద కూడా ట్రై చేశా, ఎనామిల్ అప్పటికే వారం ఎండింది, కదల్లేదు.

తర్వాత ఐరన్ రిమూవర్. బండి చల్లగా, నీడలో ఉండాలి, ఎండలో కొడితే ఆరిపోయి మరకలు పడతాయి. గ్లవ్స్ తప్పనిసరి. స్ప్రే చేసి నాలుగు నిమిషాలు వదిలేశా. తెల్ల బండి మీద అయితే వంకాయ రంగు చారలు కారుతూ భలే కనిపిస్తాయి, నా నీలం మీద ఏమీ కనపడ్డంలేదు, పని చేస్తోందో లేదో అనుమానమొచ్చి తెల్ల గుడ్డతో ఒక మూల అద్ది చూశా. నేరేడు పండు తిన్న నాలిక రంగు. వీల్స్ మీద అయితే రక్తం కారినట్టే ఉంది, మా అమ్మాయి భయపడింది.

వాసన మాత్రం దారుణం. కుళ్ళిన కోడిగుడ్డు. మా ఆవిడ మెట్లు దిగుతూ ఆగిపోయి "ఏంటండీ ఇది, హెయిర్ రిమూవల్ క్రీమ్ డబ్బా పగిలినట్టుంది" అంది. నేను నవ్వి తర్వాత సీసా వెనక చదివితే ఆవిడే రైటు, రెండిట్లోనూ పనిచేసేది థయోగ్లైకోలేట్ జాతి కెమికలే, అక్కడ వెంట్రుకని కరిగిస్తుంది, ఇక్కడ ఇనుముతో కలిసి ఊదా రంగుకి తిరుగుతుంది. ముక్కుతో కెమిస్ట్రీ చెప్పేసింది.

బాగా కడిగేశాక, ఇప్పుడు పోయిన వారం సంగతి. మగ్గుతో రూఫ్ మీద నీళ్ళు పోశా. బంతులు! మొదటి రోజు అంత కాదుగానీ, పరుచుకునే నీళ్ళు కాస్తా విడిపోయి చుక్కలై జారిపోయాయి. అంటే కోటింగ్ చచ్చిపోలేదు, మూసుకుపోయింది. పైన ఇనుమూ, మురికీ, ఉప్పూ పేరుకుపోతే నీళ్ళకి కోటింగ్ తగలదు కదా, మురికే తగులుతుంది. ఇక్కడే చాలామంది కోటింగ్ అయిపోయిందనుకుని మళ్ళీ వేయించేసుకుంటారు. 18 వేలు అన్న మాట గుర్తొచ్చి కొంచెం ఒళ్ళు మండింది.

రూఫ్ మీద అక్కడక్కడా బోరు నీళ్ళ మచ్చలు మాత్రం ఉన్నాయి. తెల్ల వెనిగర్‌లో అంతే ఆర్వో నీళ్ళు కలిపి గుడ్డ తడిపి మచ్చ మీద ఒక నిమిషం పరిచా, తుడిచి కడిగేశా. ముప్పావు వంతు పోయాయి. మిగిలిన పావుతో సర్దుకుంటా, ఆసిడ్‌తో ఆటలొద్దు.

కవర్ టెస్ట్ మళ్ళీ: రూఫ్ నున్నగా, డిక్కీ నున్నగా. దాంతో వాటి మీద క్లే అవసరమే లేదని తేలిపోయింది, ఇది పెద్ద రిలీఫ్. మిగిలింది ఓవర్‌స్ప్రే పడ్డ బొనెట్, డ్రైవర్ వైపు రెండు డోర్లు, ముందు అద్దం.

రెండో ఆదివారం – తప్పు జరిగిన రోజు

ముందు అద్దం మీద ప్రాక్టీస్. ఎవరైనా మొదటిసారి క్లే పడుతుంటే అద్దం మీదే నేర్చుకోండి, దాని మీద కోటింగ్ లేదు, ఈ మెత్తటి ముద్దకి గీత పడదు. బార్‌ని కత్తితో నాలుగు ముక్కలు కోశా. ఒక ముక్క చేతిలో పిసికితే రాయిలా ఉంది, జనవరి చలికి గట్టిపడింది, గోరువెచ్చటి నీళ్ళలో రెండు నిమిషాలు ముంచితే దారికొచ్చింది. అరచేతిలో నొక్కి బిస్కెట్ అంత పల్చగా చేసి, షాంపూ నీళ్ళు ధారాళంగా కొట్టి, అద్దం మీద ముందుకీ వెనక్కీ జరిపా. మొదట గరగరమంది. ఐదారు సార్లు తిప్పేసరికి చప్పుడు ఆగిపోయింది, చెయ్యి జర్రున జారడం మొదలైంది. ఆ చప్పుడు ఆగడమే గుర్తు, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎక్కువ రుద్దక్కర్లేదు. తిప్పి చూస్తే ఎర్ర ముద్దలో మీగడ రంగు చుక్కలు గుచ్చుకుని ఉన్నాయి.

అప్పుడే వాచ్‌మన్ బాబాయ్ వచ్చాడు. "ఏటి బాబూ, కారుకి చపాతీ పిండి రాస్తన్నారేటి?" అన్నాడు. పెయింటు తీస్తున్నా బాబాయ్ అంటే "నానూ సెప్పాను ఆలకి, కార్లు తీయించండని, ఇన్నారు కాదు" అని చాలా బాధపడ్డాడు. ఆయన తప్పేం లేదు పాపం.

అద్దం బాగా వచ్చేసరికి నాకు ధీమా వచ్చింది. అదే ముక్క మడిచి, వెనక డోర్ కింద మూల, ఎవరికీ కనపడని చోట, జానెడు మేర టెస్ట్ స్పాట్ చేశా. చుక్కలన్నీ వచ్చేశాయి. ఆరాక మొబైల్ టార్చ్ వేసి పక్కనుంచి చూస్తే గుండె జారింది. జానెడంతా మబ్బు పట్టినట్టు, ముందుకీ వెనక్కీ జరిపిన దారి గీతలు గీతలుగా. నీళ్ళు పోస్తే ఆ జానెడులో మాత్రం బంతుల్లేవు, పలకలా పరుచుకున్నాయి. అక్కడ కోటింగ్ హతం.

ఎందుకైంది అని కూర్చుని ఆలోచిస్తే రెండు కారణాలు తేలాయి. ఒకటి, ఆ ఎర్ర బార్ పేరుకే ఫైన్. క్లే రంగులకి అందరికీ ఒకే లెక్క లేదు, ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీ ఎరుపు ఒకటి కాదు, చాలా చోట్ల నీలం అంటే ఫైన్, ఎరుపు అంటే గట్టిది అని నడుస్తుంది గానీ నమ్మకానికి లేదు. చేతిలో పిసికితే తెలుస్తుంది, ఇది వెచ్చటి నీళ్ళలో ముంచాక కూడా మొండిగానే ఉంది, అప్పుడే అనుమానించాల్సింది. రెండు, షాంపూ నీళ్ళు. అద్దానికి సరిపోయాయి, నిలువుగా ఉన్న డోర్ మీద సెకన్లలో కారిపోయి ముద్ద పొడిగా రాసుకుంది. మధ్యలో ఒకసారి కీచుమంది కూడా, నేను పట్టించుకోలేదు. ముద్ద ఆగి ఆగి కదులుతోందంటే ఆపేయమని అర్థం.

టెస్ట్ స్పాట్ చెయ్యకుండా డైరెక్ట్‌గా బొనెట్ మధ్యలో మొదలెట్టి ఉంటే ఈపాటికి ఆ షాపువాడి ముందు తల దించుకుని నిలబడేవాణ్ణి. ఇవాళ్టికి సర్దేశా. ఎర్ర ముద్ద ఇక వీల్స్‌కీ అద్దాలకీ మాత్రమే.

వారం మధ్యలో

అసలైన మెత్తటి ఫైన్ క్లే తెప్పించా, ఇది తెలుపు, వేళ్ళ మధ్య నొక్కితే మైసూర్ పాక్ పిండిలా కాదు, కోవాలా సాగుతోంది. విడిగా క్లే లూబ్ కూడా అర లీటరు, ముద్ద జారడానికి కొట్టే ద్రవం. 900 పోయాయి. మా బావమరిది ఫోన్ చేసి "బావా, ముద్దలెందుకు, క్లే మిట్ అని గ్లవ్ దొరుకుతుంది, పది నిమిషాల్లో బండంతా అయిపోద్ది" అన్నాడు. నిజమే, కింద పడ్డా కడుక్కుని వాడుకోవచ్చు, ఫాస్ట్. కానీ దాని రబ్బరు ముఖం మురికిని లోపలికి మింగదు, పైనే పెట్టుకుని తిరుగుతుంది, ముద్దని అయితే మడిచి కొత్త ముఖం తెచ్చుకుంటాం. కోటింగ్ లేని, పాలిష్‌కి వెళ్ళే బండికైతే మిట్టే వాడేవాణ్ణి. నాకు పాలిష్ ఉద్దేశం లేదు. పైగా భోగి మంట పక్కన బండి పెట్టినవాడి సలహా.

మూడో శనివారం

పొద్దున ఆరున్నరకే మొదలు. మళ్ళీ కడిగా, ఎందుకంటే వారం దుమ్ము ఉంది, దుమ్ము మీద క్లే అంటే ఇసుక పెట్టి తోమడమే.

కొత్త ముద్దతో ముందు డోర్ కింద రెండో టెస్ట్ స్పాట్. లూబ్ కారేదాకా కొట్టా, ముద్దకి కూడా కొట్టా. మూడు వేళ్ళతో పట్టుకుని ఊరికే ఆనించడం అంతే, దాని బరువుకి అదే నడవాలి, చంటిపిల్లాడి బుగ్గ తుడిచినట్టు. గుండ్రంగా తిప్పకుండా నిటారుగా పైకీ కిందకీ, ఒకవేళ గీత పడ్డా తిన్నని గీత తక్కువ కనపడుతుందని. చుక్కలు పోవడానికి ఎర్రదానికి ఐదు సార్లు పడితే దీనికి పది పన్నెండు సార్లు పట్టింది. తుడిచి, టార్చ్ వేసి, అన్ని వైపుల నుంచీ వంగి వంగి చూశా. మబ్బు లేదు. నీళ్ళు పోశా. బంతులు కొంచెం పెద్దగా, సోమరిగా, కానీ ఉన్నాయి.

దాంతో బొనెట్ మీదకెళ్ళా. రెండడుగులకి రెండడుగుల ముక్క చొప్పున. ప్రతి ముక్క అవగానే ముద్ద తిప్పి చూడ్డం, మడిచి శుభ్రమైన ముఖం తేవడం, తుడవడం, కవర్ టెస్ట్. బోరింగ్ పనే. కానీ ఒక విషయం నాకు భలే నచ్చింది, ఒక్కో చుక్క తెగేటప్పుడు వేలి కింద చిన్నగా టిక్ మని తెలుస్తుంది, కొబ్బరికాయ పీచు ఒక్కోటే లాగుతుంటే తెగినట్టు. పావుగంట అయ్యేసరికి కంటికన్నా వేలే ముందు చెప్తోంది ఎక్కడ ఇంకా ఉందో.

బొనెట్ ఎడమ అంచు చేస్తుంటే తడి చేతిలోంచి ముద్ద జారి సెల్లార్ నేల మీద పడింది. తీసి చూశా. ఒకవైపే ఇసుక అంటింది, ఆ ముఖం గిల్లేసి మిగతాది వాడుకోవచ్చు కదా అని ఒక పది సెకన్లు నాతో నేను బేరమాడుకున్నా. ఒక్క ఇసుక రేణువు కనపడకుండా మిగిలినా బొనెట్ పొడుగునా గీత. డస్ట్‌బిన్‌లో పడేశా. అందుకే బార్‌ని నాలుగు ముక్కలు కొయ్యమనేది, పోతే పావు వంతే పోతుంది. మా అమ్మాయి చూసి "నాన్నా నాకిచ్చెయ్, వినాయకుణ్ణి చేసుకుంటా" అంది. పెయింటూ ఇనుమూ నిండిన ముద్ద తల్లీ, నీకు వేరే కొంటా అన్నా. దాని మాట ప్రకారం ఇప్పుడు ఇంకో 60 రూపాయలు ఈ ప్రాజెక్టు ఖాతాలో.

పీపీఎఫ్ ఉన్న బంపర్ దగ్గర చాలా ఆలోచించా. అది మెత్తటి ప్లాస్టిక్ పొర, దాని మీద ముద్ద గట్టిగా జరిపితే మసకబారుతుంది, అంచు దగ్గర జరిపితే అంచే లేచిపోతుంది. అదృష్టం కొద్దీ దాని మీద పడ్డవి పాతిక ముప్ఫై చుక్కలే. పొర మధ్యలో ఉన్నవాటి మీద మాత్రం చుక్క చుక్కకీ విడిగా, లూబ్ వరదలా పోసి, రెండేసి సార్లు. అంచుకి వేలెడు దూరంలో ఉన్నవి వదిలేశా. తర్వాత సన్నగా మసక కనిపిస్తే వేడినీళ్ళు, మరిగేవి కాదు, చెయ్యి పట్టేంత వేడివి, మగ్గుతో పోశా. కాసేపటికి మసక సర్దుకుంది. సెల్ఫ్ హీలింగ్ అని అమ్మేటప్పుడు చెప్పింది ఈ ఒక్కటే నిజమని తేలింది. మ్యాట్ ఫినిష్ బండి ఉన్నవాళ్ళు మాత్రం ఇదంతా చదివి క్లే కొనకండి, అక్కడక్కడా మెరుపు తేలి ప్యాచులు పడతాయి, అది మళ్ళీ సరి చెయ్యలేం.

పన్నెండున్నరకి బొనెట్, రెండు డోర్లు అయ్యాయి. నడుం పట్టేసింది. భోజనం చేసి పడుకున్నా.

మూడో ఆదివారం

నిన్న క్లే తిరిగిన చోట కోటింగ్ ఎంత మిగిలిందో చూడాలి. క్లే తగలని డిక్కీ, తగిలిన బొనెట్, రెండిటి మీదా ఒకే మగ్గుతో నీళ్ళు పోసి మొబైల్‌లో వీడియో తీశా. డిక్కీ మీద నీళ్ళు తెగి ఉరికిపోయాయి. బొనెట్ మీద కాస్త నెమ్మది, బంతి ఆకారం కొంచెం చదును, కానీ ఒక నిమిషంలో చాలా వరకు దిగిపోయింది. లూబ్ తాలూకు జిడ్డు వల్ల కూడా అలా కనపడొచ్చని ఇంకోసారి షాంపూతో కడిగి మళ్ళీ పోశా, కొంచెం మెరుగు. నా అంచనాలో బొనెట్ మీద కోటింగ్ అరిగింది, పోలేదు. షాపతను చెప్పిన "మొత్తం లేచిపోద్ది" ఎర్ర ముద్ద జానెడు దగ్గర మాత్రమే నిజమైంది, అది నా చేతకానితనం.

అరిగిన దాని మీద సిలికా స్ప్రే సీలెంట్ వేశా, టాపర్ అంటారు. బండంతా తడి లేకుండా ఆరబెట్టి, ఒక్కో ప్యానెల్‌కి రెండు స్ప్రేలు, ఒక గుడ్డతో పరిచి వెంటనే పొడి గుడ్డతో తుడిచెయ్యడం. ఎక్కువ కొడితే మెరుపు రాదు, చారలొస్తాయి, మొదటి డోర్ మీద అదే జరిగింది, తడి గుడ్డతో సరిచేశా. ఇది కోటింగ్ కాదు, కొన్ని నెలలుండే కంచె, మళ్ళీ మళ్ళీ వేస్తూ ఉండాలి. 650 రూపాయలు. మొత్తం కలిపి అమ్మాయి మట్టితో సహా 3,310 అయింది.

పోనివి కూడా రాసేస్తా. వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ ఉంటుంది కదా, గరుకుగా, దాంట్లో పడ్డ మీగడ చుక్కలు అలాగే ఉన్నాయి. అక్కడ క్లే పనికిరాదు, ముద్దే ముక్కలై ఆ గరుకులో ఇరుక్కుంటుంది, నేను ఒక మూల ట్రై చేసి పళ్ళు కుట్టే పుల్లతో పావుగంట తీసుకున్నా. వెనక డోర్ మూల జానెడు మబ్బు కూడా అలాగే ఉంది. చేత్తో పాలిష్ చేస్తే పోతుంది, కానీ ఆ మాత్రం మచ్చకి ఉన్న క్లియర్ కోటు తగ్గించుకోవడం ఎందుకని ఆగా. కడిగినప్పుడల్లా అక్కడ నీళ్ళు చతికిలబడి కూర్చుంటాయి, మిగతా బండంతా జారిపోతుంటే.

సోమవారం రాత్రి

వాచ్‌మన్ బాబాయ్ ఇప్పుడే పైకొచ్చి బెల్ కొట్టాడు. "బాబూ, రేపు రెండో బ్లాకు గ్రిల్సు కొడతారంట, మళ్ళీ ఆ మిషినే. ముందే సెప్దారని వొచ్చాను, బండి తీసీయండి." చాలా థాంక్స్ బాబాయ్ అని కిందకి దిగా. సెల్లార్ బళ్ళన్నీ అప్పటికే రోడ్డు మీదకొచ్చేశాయి, అందరికీ ఈసారి బుద్ధొచ్చింది. వీధి చివరిదాకా వెళ్ళి చూశా, ఒకే ఒక్క ఖాళీ ఉంది, కానుగ చెట్టు కింద, పైన కాకులు. ఇంటికొచ్చి బండి కవర్ వెతుకుతున్నా, అటక మీద ఎక్కడో ఉండాలి.